అంటువ్యాధులు – ఆశ కార్యకర్తలు

ఏటేట తొలకరి వానలు పడిన రెండు మూడు వారములకు మన పత్రికలలో నొకేవిధమగు వార్త కానవచ్చుచుండును. ఫలాని గ్రామమున జ్వరములు ప్రబలినవి, ఫలాని పేటలో వాంతులు, విరేచనములు, వైద్యబృందము వెడలినది, శిబిరము నెలకొల్పబడినది, జిల్లా అధికారులు పరిస్థితిని సమీక్షించిరి. చదువరి యా వార్తను జదివి పుట త్రిప్పును. కాని యా వార్త పత్రికకెక్కుటకు ముందు, బృందము వెడలుటకు ముందు, జిల్లా కార్యాలయమున టెలిఫోను మ్రోగుటకు ముందు, ఆ గ్రామమున నెవరో యొకరు మొదటి జ్వరమును జూచియుందురు. ఆ చూచినవారెవరు? చూచి యెవరికి జెప్పిరి? చెప్పిన మాటను వినినవారెవరు? అంటువ్యాధుల నరికట్టు మహాకార్యమంతయు నీ మూడు ప్రశ్నలమీదనే యాధారపడియున్నదని మేము నమ్ముచున్నాము.

నేడు మన పల్లెలలో నట్లు మొదట చూచునది సాధారణముగా ఆశ కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణారోగ్య ఉద్యమముతోబాటు ఈ వ్యవస్థ యేర్పడినది. సుమారు వేయిమంది జనమునకొక స్త్రీ. ఆ యూరి కోడలో, ఆ యూరి కూతురో. ఎనిమిదవ తరగతియో పదవ తరగతియో చదివినది. దేశమంతట నిట్టివారు దాదాపు 10 లక్షలమంది గలరు. 2022లో ప్రపంచారోగ్య సంస్థ వీరినందఱ నొక్కపెట్టున సన్మానించినది. అయినను ప్రభుత్వపు లెక్కలలో వీరు ఉద్యోగులు గారు, స్వచ్ఛంద సేవికలు. వీరికి జీతము లేదు. గౌరవవేతనమును, పనికింతయను ప్రోత్సాహకమును గలవు. ప్రతిఫలము చాలదను మాట యెల్లరు చెప్పుచున్నదే. అది యిచ్చు పద్ధతియే వ్యాధుల కనిపెట్టు పనిని లోలోపల చెఱచుచున్నదని మేము చెప్పదలచితిమి.

మొదట నీ పని విలువ యెట్టిదో చూతము. 2003వ సంవత్సరము జూన్ మొదలు ఆగస్టు వఱకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో పసిబిడ్డల కొక వింతజ్వరము వచ్చినది. జ్వరము, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పుట, అంతట మరణము. లెక్కకు వచ్చిన 329 మంది బిడ్డలలో 183 మంది చనిపోయిరి. ఆసుపత్రిలో చేరిన యొక దినములోపలనే పెక్కుమంది ప్రాణములు విడిచిరి. పూనాలోని శాస్త్రజ్ఞులు శోధించి యది చాందీపుర వైరస్ అని తేల్చిరి. 1965లో నాగపురమునకు దాపున నుండు చాందీపుర గ్రామమున మొదట దొరకిన క్రిమి యది. శాస్త్రము తన పని తాను చక్కగనే చేసినది. కాని బిడ్డ యొక దినములో చనిపోవు వ్యాధియందు ప్రయోగశాల చెప్పు పేరు పూడ్చిపెట్టిన తరువాతనే యింటికి వచ్చును. మొదటి బిడ్డను దక్కించుకొనలేకపోయినను, మూడవ యింటి తల్లిని ముందుగా హెచ్చరింపవచ్చును. నాలుగవ బిడ్డను జ్వరము తగిలిన గంటలోనే బండి యెక్కింపవచ్చును. అది చేయవలసినవారు పూనాలో లేరు, హైదరాబాదులోను లేరు. ఆ వీథిలో నుండవలెను. నాడు ఆ వీథిలో నట్టివారు లేరు. ఆశ వ్యవస్థ వచ్చుటకింకను రెండేండ్లు పట్టినది.

పూర్వ మీ వార్త చేరవేయు భారము గ్రామ మునసబుపై నుండెడిది. చెన్నపురి రాజధానిలో జననమరణముల రిజిస్టరు మునసబు నుంచుకొనువాడు; విశూచియో మశూచియో పుట్టినచో పైవారికి దెలుపువాడు. 1939లో చెన్నరాష్ట్ర ప్రజారోగ్య చట్టము వచ్చినది. దేశములో నట్టి చట్టములకెల్ల నదియే మొదటిది. నేటికిని ఆంధ్రప్రాంతమున నమలునందుండునది అదే. ఆ చట్టముక్రింద నంటువ్యాధులను దెలుపుట విధి. 1984లో మునసబు కరణముల పదవులు రద్దయినవి. మునసబుల దొరతనమునకు మేము కన్నీరు గార్చువారము గాము. ఆ మహానుభావుడు మాలపల్లె గడప ద్రొక్కి జ్వరమడిగిన దినములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి; చావు సంగతి తలారి చెప్పగా వినుటయేగాని జబ్బు సంగతి తాను బోయి చూచుట యుండెడిది గాదు. అయినను ఇరువది యేండ్లకు పైగా పల్లెయందు ఆ భారము వహించి నిలిచిన మనిషి స్థిరముగా లేకపోయెననుట సత్యము.

వేయిమంది కొక ఆరోగ్య కార్యకర్త యను నూహ విదేశములనుండి తెచ్చుకొన్నది గాదు. 1938లో కాంగ్రెసు ఏర్పఱచిన జాతీయ ప్రణాళికా సంఘమున సోఖే గారి యాధ్వర్యమున నారోగ్యోపసంఘ మొకటి పనిచేసినది. ప్రతి వేయిమందికి నొక ఆరోగ్య కార్యకర్తను దర్ఫీదు చేయవలెనని యా సంఘము కోరినది. స్వరాజ్యము వచ్చిన ముప్పది యేండ్లకు, 1977 అక్టోబరు 2న, సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకము ప్రారంభింపబడినది. అందు చేరినవారిలో నెక్కువమంది పురుషులు. ఆ పథకము క్రమముగా క్షీణించినది. 2002లో ఛత్తీస్‌గఢ్ వారు మితానిన్ అను పేర స్త్రీలనే యీ పనికి గైకొనిరి. దానిని జూచియే 2005లో ఆశ వ్యవస్థను రూపొందించిరి. స్త్రీ వంటింటివఱకు బోగలదు; పురుషుడు అరుగుతోనే యాగిపోవును. భేదమంతయు నిందులోనే యున్నది.

ఈ భేద మెంత గొప్పదో తెలియవలెనన్న 1897 నాటి పూనా పట్టణమును దలచుకొనవలెను. బొంబాయిలో 1896లో ప్లేగు పుట్టినది. ఆంగ్ల ప్రభుత్వము ఆ మఱుసటి యేట అంటువ్యాధుల చట్టమును జేసినది. నాలుగే సెక్షనులు, అధికారమునకు మాత్రము హద్దు లేదు. పూనాలో రాండు దొరగారి యేలుబడిలో సోల్జర్లు ఇండ్లలో జొరబడిరి. పూజామందిరములను, స్త్రీల గదులను వదలలేదు. జనులు రోగులను మంచముల క్రింద దాచిరి, శవములను రహస్యముగా సాగనంపిరి. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు రాండును గాల్చిన సంగతి చరిత్ర యెఱిగినవారికెల్ల దెలిసినదే. తుపాకి తీసికొని రోగిని వెదకబోయినచో రోగి దొరకడు. వ్యాధిమాత్రము పొరుగింటికి బోవును. అదే ప్రశ్నను, "వదినా, పిల్లవానికి జ్వరమింకను తగ్గలేదా?" యని పొరుగింటామె యడిగినచో దాచువారరుదు.

విశాఖ మన్యమున నీ సంగతి యింకను స్పష్టము. కొండ యెక్కి దిగి పోవలసిన పాడులలో మలేరియా జ్వరము వచ్చినచో పూర్వము రక్తపుచుక్కను గాజుపలకమీద బట్టి క్రిందికి బంపుచుండిరి; ఫలితము వచ్చుసరికి రోగి తగ్గియో చచ్చియో యుండువాడు. ఇప్పుడు ఆశ కార్యకర్త సంచిలో పరీక్షబద్ద యున్నది. వ్రేలిపై సూదిపోటు, పావుగంట, ఫలితము. మందును ఆమెయే యిచ్చును. ఆ గూడెపు మాటలోనే చెప్పును. ప్రశ్నించు నోరును, పరీక్షించు చేయియు నొకే మనిషివి యగుటవలన జనులకు వ్యాధి చెప్పుకొనుటలో లాభము కనబడినది. లాభము లేనిచోట చెప్పుమన్న నెవరు చెప్పుదురు?

ఆమె చూచిన సంగతి పైకి బోవు మార్గము గూడ దెలిసికొందము. 2004లో కేంద్రప్రభుత్వము సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకమును స్థాపించినది. అందు మూడు ఫారములు గలవు. గ్రామమున లక్షణములనుబట్టి యనుమానించి వ్రాయున దొకటి. వైద్యుడు చూచి వ్రాయున దొకటి. ప్రయోగశాల రుజువు చేసి వ్రాయునది మూడవది. 2021 ఏప్రిల్ నుండి దేశమంతట నివి కంప్యూటరు, సెల్‌ఫోనులద్వారా పోవుచున్నవి. మొదటి ఫారములో జ్వరము వారముకంటె తక్కువదా, ఎక్కువదా, దద్దురులు గలవా, రక్తస్రావము గలదా, దగ్గు గలదా, కామెర్లా, నీళ్ల విరేచనములా, పిల్లల కవయవములు పడిపోయినవా యని వరుసలు గలవు. చిట్టచివర నింకొక వరుస గలదు: పై వానిలో దేనికిని జెందని వింత లక్షణములతో చావుగాని యాసుపత్రి పాలగుటగాని సంభవించినచో వ్రాయుము. ఆ ఫారములోకెల్ల విలువగల వరుస యదియే. క్రొత్త వ్యాధి యేదైనను మొట్టమొదట నా వరుసలోనే పడవలెను. ఫారము నింపునది ఏ.ఎన్.ఎం.; కాని వార్త తెచ్చునది పలుమాఱు ఆశ కార్యకర్త. తెచ్చినయామె పేరు ఫారముపై నుండదు.

మే మెఱిగిన యొక మెట్టగ్రామమున జరిగిన సంగతి చెప్పెదము. ఒకే సందులో మూడిండ్లలో కామెర్లు పుట్టినవి. నాలుగవ యింట మనుమరాలు వాంతులు చేసికొనుచుండెను. ఆశ కార్యకర్త తన చేతిపుస్తకములో నా సందు పటము తానే గీచికొని చూడగా, ఆ నాలుగిండ్లకును నీరు వచ్చు గొట్టము మురుగుకాలువను దాటుచోట పగిలియున్నట్లు తేలినది. ఆమె పోయి పైవారికి జెప్పినది. "రక్తపరీక్ష కాగితమేది?" యని యడిగిరట. గొట్టము బాగుచేయుటకు పండ్రెండు దినములు పట్టినది. ఈ లోపల కామెర్లు పదునాలుగిండ్లకు బ్రాకినవి. ఆమె చదువు పదవ తరగతి. ఆమె చేసిన పని మాత్రము పట్టభద్రులైన మా వంటివారు న్యాయస్థానములో సాక్ష్యములు కూర్చునట్టిది. ఆ నెల యామె బిల్లులో నీ పనికి రావలసిన పైకము మేము విచారించితిమి. ఏమియు లేదు. అట్టి పని పట్టికలో లేదు.

అసలు సంగతికి వచ్చితిమి. కేంద్రప్రభుత్వపు పట్టికలో ఏండ్ల తరబడి మలేరియా రక్తపరీక్ష కొకదానికి 15 రూపాయలు; కుష్ఠరోగిని జూపినచో 250 రూపాయలు; క్షయరోగిని దెలిపినచో 500 రూపాయలు. పనినిబట్టి కూలి యను నీతి పొలమున కుప్ప నూర్చుటకు జెల్లును. కాపలాకు జెల్లునా? రాత్రియంతయు మేలుకొనిన కావలివానికి, దొంగను బట్టినప్పుడే కూలి యిత్తుమని యే కాపు చెప్పును? వ్యాధుల కనిపెట్టుట కాపలా పని. నూఱిండ్లు తిరిగి, "ఈ వారము జ్వరములు లేవు" అని చెప్పుట గూడ వార్తయే. ఆ లేమియే నిజమైనదైనచో, మఱుసటి వారము వచ్చిన మూడు జ్వరములకు అర్థము కలుగును. ఆ లేమి, తిరుగక వ్రాసినదైనచో, మూడు జ్వరములు వచ్చినను వాని యర్థ మెవరికిని దెలియదు. మన పట్టికలో లేమికి వెల లేదు. వెల గలిగిన వ్యాధులను వెదకుటకు, వెల లేనివానిని దాటిపోవుటకు మనమే యా పేదరాలికి నేర్పుచున్నాము. దాటిపోవనివారు వేలకొలది గలరనుట వారి శీలమునకు సాక్ష్యమేగాని మన యేర్పాటునకు గాదు.

వెదకనిచో నేమగునో కుష్ఠువ్యాధియే చూపినది. 2005 చివర, పదివేలమందికి నొక్కరికంటె తక్కువగా నున్నదని, కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగినదని మన దేశము ప్రకటించుకొన్నది. ఇంటింటి వెదకులాట సన్నగిల్లినది. 2016లో నెక్కువ వ్యాధిగల జిల్లాలలో ఒక ఆశ కార్యకర్తను, ఒక పురుషుని జంటగా బంపి మఱల వెదకించిరి. 30,000కు పైగా క్రొత్త రోగులు బయటపడిరి. వారందఱు ఆ వారములో పుట్టిన రోగులా? ఎవరును తలుపు తట్టనందున ఏండ్లతరబడి లోననే యుండిపోయిన వారు.

ఇందుకు మా మిత్రు లొకరు గట్టి యాక్షేపణ చేసిరి. మశూచిని మన దేశమునుండి వెడలగొట్టినది బహుమానము గాదా? యని. నిజమే. 1973 మొదలు ఇంటింట వెదకించిరి. మశూచి రోగిని జూపినవారికి బహుమానము ప్రకటించిరి. రోగులు తఱిగినకొలది బహుమానము పెంచి, తుదకు 1,000 రూపాయలు చేసిరి. 1975 మే నెలలో నస్సాములో కడపటి రోగి కనబడెను. 1977 ఏప్రిల్‌లో దేశము మశూచి లేనిదని నిర్ణయింపబడినది. కాని మిత్రులు రెండు సంగతులు మఱచిరి. మశూచి ముఖము బొమ్మకార్డు చూపినచో బడిపిల్లవాడు గుర్తుపట్టును. అన్ని జ్వరములకు ముఖ మొకటే. రెండవది, నాడు తిరిగిన లక్షకుపైగా శోధకులలో పెక్కురు జీతముమీద నున్న ఆరోగ్యశాఖవారు. తిరుగుటకు జీతము, కనుగొనుటకు బహుమానము. మన మీనాడు జీతమును దీసివేసి బహుమానమునే జీతమనుచున్నాము.

స్థిరమైన జీతమిచ్చినచో సోమరితనము పెరుగునని మఱికొందఱందురు. ఈ మాట జిల్లా కలెక్టరుగారి జీతమునుగూర్చి యెవరును అనరు. ఏలనో మాకు దెలియదు. కేంద్రప్రభుత్వము వీరి నెలసరి స్థిరపైకమును 2018లో 1,000 నుండి 2,000 రూపాయలు చేసి, 2025లో 3,500 రూపాయలకు బెంచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో నెలకు 10,000 రూపాయలు చేసినది. 2025లో గ్రాట్యుటీని, ప్రసూతి సెలవును, 62 ఏండ్ల వఱకు పనిచేయు వీలును ప్రకటించినది. ఇవి మెచ్చదగినవి. మెచ్చుకొనుచునే చెప్పెదము: గ్రాట్యుటీయు ప్రసూతి సెలవును విరమణ వయస్సును గలిగిన మనిషిని స్వచ్ఛంద సేవిక యనుట యే నిఘంటువునందును మాకు గానరాలేదు.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక చట్టపు మాట యొకటి. 2020లో బెంగుళూరులో కోవిడునుగూర్చి యింటింటి విచారణకు వెళ్లిన ఆశ కార్యకర్తపై దాడి జరిగినది. అట్టివి దేశమున మఱికొన్నిచోట్లను జరుగగా, ఆ యేప్రిల్ 22న పాత 1897 చట్టమును ఆర్డినెన్సుతో సవరించిరి. ఆరోగ్యసేవకులను గొట్టినవారికి మూడు నెలలు మొదలు ఐదేండ్ల వఱకు ఖైదు. దెబ్బ ఘోరమైనచో ఏడేండ్ల వఱకు. ఆరోగ్యసేవకు లన నెవరు? వైద్యుడు, నర్సు, వారి వరుసలోనే సామాజిక ఆరోగ్య కార్యకర్త యని నిర్వచనములో స్పష్టముగా వ్రాసిరి. అనగా దెబ్బ తిన్ననాడు చట్టమున కామె సేవకురాలే. జీతమడిగిననాడు మాత్రము వలంటీరు. కోవిడు దినములలోనే యామెకు 50 లక్షల రూపాయల భీమా గల్పించిరి. ఆ పనికి నెలకు 1,000 రూపాయలు అదన మిచ్చిరి. చనిపోయినచో 50 లక్షలు. బ్రతికి యింటింట తిరిగినచో దినమునకు 33 రూపాయలు. 2013లో 45వ భారత కార్మిక సమ్మేళనము పథకములక్రింద పనిచేయు స్త్రీలను కార్మికులుగా గుర్తింపవలెనని సిఫారసు చేసినది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగనవాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టము వర్తించునని తీర్పు చెప్పినది. దారి పడియేయున్నది, నడువవలసినది ప్రభుత్వము.

జీతముతో నంతయు తీరునని మే మనుట లేదు. పొరుగింటామెకు జెప్పిన మాట యూరంతయు పొక్కినచో మఱి యెవరును చెప్పరు. క్షయ యున్నదని తెలిసినచో నిశ్చయమైన పెండ్లి తప్పిపోవు దేశము మనది. కుష్ఠు మాట చెప్పనక్కఱలేదు. రోగి రహస్యమును గాపాడుట యెట్లో ఆశ కార్యకర్తకు దర్ఫీదులో ముందు నేర్పవలెను. పైవారికి గూడ నేర్పవలెను. పేర్లు, ఫోనునంబరులు, ఇంటినంబరులతో సహా రోగుల జాబితాలను ఫోనులలో నొకరికొకరు పంపుకొనుట మేము కన్నులార చూచితిమి. మఱియొక లోపము గలదు. వార్త పైకి బోవునేగాని క్రిందికి రాదు. తాను చెప్పిన జ్వరము డెంగీ యని తేలినదో, టైఫాయిడని తేలినదో ఆమెకు చెప్పువారు లేరు. ఉత్తరము వ్రాసి వ్రాసి జవాబు రానివాడు కొన్నాళ్లకు వ్రాయుట మానివేయును.

రానున్న బడ్జెటు సమావేశములలో మన శాసనసభ్యులు రెండు ప్రశ్నలడుగుదురు గాక. వ్యాధిపర్యవేక్షణకై యింటింట తిరుగు పనికి, రోగి దొరకినను దొరకకున్నను, ఏ పద్దు క్రింద నెంత పైకము కేటాయించితిరి? గ్రామమునుండి వచ్చిన యనుమానపు వార్తలలో నెన్నింటికి ఎన్ని గంటలలో ఆ వార్త తెచ్చిన కార్యకర్తకే తిరిగి సమాధానము పంపితిరి? మొదటిదానికి మంత్రిగారు అంకె చెప్పగలరేమో. రెండవదానికి, అట్టి లెక్క తమయొద్ద లేదని చెప్పినను మాకు ప్రయోజనమే; ఆ జవాబును ఈ పుటలోనే యథాతథముగా ప్రకటింతుము.